ఆడవాళ్ళ దుంగ

చైత్రం వచ్చిందంటే ఉసిరివలసలో మగవాళ్ళ పెత్తనం అటకెక్కుతుంది. మిగతా పదకొండు నెలలూ మీసాలు మెలేసుకు తిరిగేవాళ్ళంతా వేటకీ విత్తనాలకీ చేసే ఇటుకల పండగ నాళ్ళలో ఆడవాళ్ళ మాటకి లోబడి ఉండాల్సిందే. అది తాతల నాటి కట్టడి. మగవాళ్ళు పొద్దున్నే విల్లంబులూ గొడ్డళ్ళూ పట్టుకుని కొండమీదికి వేటకి వెళ్ళాలి. ఆడవాళ్ళు అరకు పోయే బస్సురోడ్డుకి అడ్డంగా ఒక దుంగ పడేసి, ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఆడుతూ, వచ్చేపోయేవాళ్ళని ఆపాలి. దుంగ దాటాలంటే వాళ్ళు అడిగింది ఇచ్చి దాటాలి. బస్సు డ్రైవరైనా అంతే, జీపులో వచ్చే కాఫీ ఆఫీసరైనా అంతే, కట్టుకున్న మొగుడైనా అంతే. చిల్లర అడుగుతారు, పాట పాడమంటారు, బుద్ధి పుడితే ఒంటికాలి మీద గెంతమంటారు. ఇవ్వకుండా దాటినవాడి పొలంలో ఆ ఏడు విత్తనం మొలవదు.

ఇంకో కట్టడి కూడా ఉంది. వేటకి వెళ్ళినవాళ్ళు వట్టిచేతులతో దిగివస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు కలిపి వాళ్ళ నెత్తిన కుమ్మరిస్తారు. ఆ నీళ్ళు పడ్డవాడు ఊరి పక్క కొండవాగు గెడ్డలో తలారా మునిగేదాకా ఆయుధం ముట్టకూడదు. ముట్టాడా, ఆ ఆయుధానికి మళ్ళీ చైత్రం దాకా గురి ఉండదు. ఎంతటి మొనగాడైనా పేడనీళ్ళు పడగానే చేతిలోది కింద పెట్టి గెడ్డకేసి పరిగెట్టాల్సిందే. ఏటా ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేది ఆ ఒక్కపూటే.

ఆ ఏడు సోములమ్మ దుంగ దగ్గరికి వెళ్ళలేదు. ఆమె కొడుకు లైకోను ఫాల్గుణంలో చలిజ్వరంతో పోయాడు. ఏడేళ్ళవాడు. నెలైంది. ఇంటి అరుగుమీద కూర్చుని, ఆటపాటలు చెవిన పడకుండా ఏదో ఒక పని కల్పించుకుంటూ ఉంది.

ఆ ఏడు వేట కూడా సాగలేదు. మొదటి రోజు మగవాళ్ళు వట్టిచేతులతో వచ్చారు. రెండో రోజూ అంతే. కొండలో జంతువు ఉంటే కదా దొరకడానికి. రైలు లైను వేసిన రోజుల్లో పేలుళ్ళకి బెదిరి సగం పోయాయి, కాంట్రాక్టర్లు చెట్లు కొట్టుకుపోతుంటే నీడ లేక మిగతావి పోయాయి. ఇది అందరికీ తెలుసు. తెలిసినా ఒప్పుకోవడానికి మనసు రాదు. తాతలు కణుజు దుప్పుల్ని కొట్టిన కొండలో మనవలకి కుందేలు దొరకలేదంటే తప్పు ఎవరిదో ఒకరిది కావాలి.

మూడో రోజు సాయంత్రం కూడా వట్టిచేతులే. చిన్నమ్మలు కుండ చంకనెత్తుకుని ఎదురెళ్ళింది. చిన్నమ్మలు సోములమ్మ మొగుడు మల్లేశుకి వదిన, సోములమ్మకి తోడికోడలు. మొగుడు పోయి పదేళ్ళు. నోరు మాత్రం ముగ్గురి పెట్టు.

"ఏటి మరిదీ, కుందేలు దొరికితే పంపకాల్లో తగువొత్తాదని ఒగ్గేసినారా?" అంటూ మల్లేశు నెత్తిన కుమ్మరించింది. "రేపు మేవెల్తాం ఏటకి. మీరు ఇంటికాడుండి అంబలి కాయండి."

మామూలు ఏడైతే మగవాళ్ళు కూడా నవ్వేసేవాళ్ళు. ఆ రోజు ఒక్కడూ నవ్వలేదు. పేడనీళ్ళు గడ్డాల నుంచి కారుతుంటే తలలు వంచుకుని గెడ్డకి నడిచారు. గెడ్డలో మునిగి వచ్చి, ఊరి దేవత రాయి దగ్గర కల్లుకుండల చుట్టూ చేరాక సుక్రు లేచి నిలబడ్డాడు. సుక్రు ఆ ఊరి గురువు. జబ్బు చేస్తే కోడిని కోసేదీ, దయ్యం పడితే వేపమండలు ఆడించేదీ అతనే.

"కొండలో ఏట నేక కాదు," అన్నాడు. "ఏటని ఎవులో కట్టీసినారు. సిల్లంగి."

చేతబడికి అక్కడ ఆ పేరు. ఆ మాట పడ్డాక ఎవరని ఒక్కరూ అడగలేదు. అడగక్కర్లేదు. అందరి తలలూ ఒక్కసారి ఎదుటి అరుగుమీదున్న సోములమ్మ వైపు తిరిగాయి. పేరు ఆమె ఇదివరకే చెప్పి ఉంది.

సోములమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. 

ఆ పేరు మంగ్లు. డెబ్బై ఏళ్ళవాడు. ఊరి చివర జీలుగుచెట్ల అవతల ఒంటి గుడిసె. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, ఒక కంట్లో పువ్వు. విరిగిన ఎముక కట్టడం, తేలు కుట్టిన చోట ఆకు నూరి పెట్టడం, వేరు అరగదీసి తాగించడం అతని పని. సగం ఊరు అతని చేతి మందు తాగినదే. ఇలాంటివాడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. అవసరానికి తాత, అవసరం తీరాక మంత్రగాడు.

లైకోనుకి జ్వరం వచ్చినప్పుడు మల్లేశు ఊళ్ళో లేడు. బొర్రా వైపు రైల్వే గట్టు పనికి వెళ్ళాడు. రెండు రోజులైనా జ్వరం దిగలేదు. మంగ్లు పిలవకుండానే వచ్చాడు. పిల్లవాడి పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి నొక్కి చూశాడు. 

"పొట్టలో గడ్డ కట్టినాది. ఇది నా ఏరుకి లొంగే జొరం కాదు సోమీ," అన్నాడు. "నా ఆడది ఇలగే పోయినాది. అరకు ఆసుపత్రిలో సేదు బిళ్ళలిత్తారు. గుంటణ్ణి ఎత్తుకుని ఇప్పుడే ఎల్లిపో. బేగి ఎల్లు."

సోములమ్మ బిడ్డని వీపున కట్టుకుని బయల్దేరింది కూడా. గెడ్డ దగ్గర సుక్రు ఎదురయ్యాడు. మూడు రోజుల దాకా బిడ్డని గెడ్డ దాటించకూడదన్నాడు. దాటిస్తే పట్టుకున్నది వదలదన్నాడు. ఆమె గెడ్డలో ఒక కాలు పెట్టి, నీళ్ళు చల్లగా తగిలాక కూడా, ఆ కాలు వెనక్కి తీసుకుంది. సుక్రు కోడిని కోశాడు. మూడో రోజు తెల్లవారేసరికి లైకోను పోయాడు.

బిడ్డ పోతే, పూడ్చిన చోట గురువు చేటలో బియ్యం పోసి తల్లిని అడుగుతాడు, నీ బిడ్డని తిన్నది ఎవరని. తల్లి నోట వచ్చిన పేరే పేరు. దేవుడు తీసుకుపోయాడంటే అక్కడితో ముగిసిపోతుంది. సోములమ్మ నోట మంగ్లు పేరు వచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకి ఆ క్షణంలోనే తెలుసు. మంగ్లు కాకపోతే మిగిలేది తనే. గెడ్డ దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన కాళ్ళు తనవి. ఆ బరువు మోయలేక ముసలాడి నెత్తిన పెట్టింది. మల్లేశు పని మీంచి వచ్చేసరికి కొడుకు మట్టిలో ఉన్నాడు. అతనికీ పేరే చెప్పింది కానీ, మంగ్లు ఆసుపత్రికి పొమ్మన్న సంగతి చెప్పలేదు.

చెప్పకుండా నెల గడిచింది. అప్పుడు అన్న ముక్క ఇప్పుడు గొడ్డలై తిరిగివచ్చింది.

మల్లేశు చీకటి పడకముందే ఇంటికొచ్చాడు. వస్తూనే సానరాయి ముందేసుకుని గొడ్డలి నూరడం మొదలెట్టాడు.

"రేపు ఏటకెల్లేముందు ముసలోడి పని సూసీసి ఎల్తాం," అన్నాడు.

"ఏటి పని?"

"ముందు పళ్ళు పీకుతాం. పళ్ళు నేకపోతే మంత్రం పలకదు. ఒప్పుకుంటే ఊరొగ్గేసి పోతాడు."

"ఒప్పుకోపోతే?"

మల్లేశు బొటనవేలితో గొడ్డలి పదును చూసుకున్నాడు. రెండేళ్ళ కిందట కొండ అవతలి ఊళ్ళోనూ ఇలాగే ఒక మొగుడూ పెళ్ళాల్ని అడగడానికని వెళ్ళారు. అడగడానికి ఇరవైమంది, ఇరవై గొడ్డళ్ళు. ఆ మొగుడూ పెళ్ళాలు తర్వాత లోయలో దొరికారు. చేసింది ఎవరని పోలీసులు అడిగితే ఊరు ఊరంతా మేమే అంది. ఊరంతా చేశారంటే ఎవరూ చెయ్యనట్టే లెక్క.

"మంగ్లు కాడేమో," అంది సోములమ్మ.

"మరెవులు?"

ఆమె చూపు సానరాయి మీదికి దించుకుంది. 

"నీ నోటితో నువ్వే సెప్పినావు గదే," అన్నాడు మల్లేశు. కసిరినా బాగుండేది. మెత్తగా అన్నాడు. కొడుకు పోయాక అతను ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు. రాత్రీ పగలూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తిరిగాడు. ఇప్పుడు ఆ చేతులకి పని దొరికింది. అది చూసి సోములమ్మకి ఏడుపు వచ్చింది, భయమూ వేసింది.

పక్కింట్లో చిన్నమ్మలు మర్నాటికి పేడ కలుపుతోంది. సోములమ్మ వెళ్ళి ఎదురుగా కూలబడింది. మొగుడికి చెప్పలేని మాట తోడికోడలికి చెప్పేసింది. మంగ్లు రావడం, గడ్డ చూడటం, ఆసుపత్రికి పొమ్మనడం, గెడ్డ నీళ్ళు, వెనక్కి తీసుకున్న కాలు. చిన్నమ్మలు పేడచేతులు అలాగే ఉంచి విన్నది.

"ఒలమ్మ," అంది చివరికి. "మూడు రోజులై నానేమో ఆళ్ళని ఎగతాళి సేసి రెచ్చగొట్టినాను. నువ్వేమో పేరిచ్చినావు. మనిద్దరవే దగ్గరుండి పంపుతున్నాం ముసలోణ్ణి."

"పారిపొమ్మని సెబుదుమా?"

"పారిపోతే నిజవే అంటారు. ఎతికి మరీ సంపుతారు."

"పోలీసులకి?"

"ఆళ్ళు కొండెక్కీసరికి మంగ్లుండడు. ఆళ్ళు దిగీసరికి మన కోళ్ళుండవు."

సోములమ్మ కుండలోని పేడనీళ్ళ వంక చూస్తూ ఉండిపోయింది. "దుంగ రోడ్డుమీదే ఎయ్యాలని కట్టడి ఉన్నాదా అప్పా?" అంది.

చిన్నమ్మలుకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కుండ పక్కకి జరిపింది. "గురువు ఊరుకుంటాడేటి? రేపు మన పేర్లు సెప్తాడు. నీదీ, నాదీ."

"సెప్పనీ," అంది సోములమ్మ. "ఊరందరి పేర్లూ సెప్పమను. అప్పుడు నరకడానికి ఎవులు మిగులుతారో సూద్దుం."

ఆ మాట తన నోట వచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది. నెల రోజులుగా ఆ నోటిలోంచి పనికొచ్చే మాట ఒక్కటీ రాలేదు.

కోడికూతకి నీళ్ళ ఊట దగ్గర ఆడవాళ్ళంతా పోగయ్యారు. పదిహేనుమంది. కొందరు వెంటనే సరేనన్నారు, కొందరు పసిబిడ్డల్ని తలుచుకుని వెనక్కి తగ్గారు. అప్పుడు చిన్నమ్మలు ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగింది. నీ బిడ్డ అడ్డం తిరిగితే ఎవరు వచ్చారు, నీ మొగుడికి కాలు విరిగితే కట్టు కట్టింది ఎవరు. ఆ తర్వాత ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. ఆరుగురు దుంగకి ఒక చివర, ఆరుగురు రెండో చివర పట్టారు. గుగ్గిలం దుంగ, ఇనుమంత బరువు. రోడ్డుమీంచి ఎత్తి, జీలుగుచెట్ల మధ్యనుంచి మోసుకుపోయి, మంగ్లు గుడిసెకి పోయే కాలిబాటకి అడ్డంగా పడేశారు. అటు గట్టు, ఇటు లోయ. దుంగ దాటక వేరే దారి లేదు. కుండలు వరసగా పెట్టారు. చేతులు కలిపి నిలబడ్డారు. 

ఎండ కొండ నెత్తి మీదికి వచ్చే వేళకి డప్పు వినపడింది. ఇరవై ఇద్దరు. ముందు సుక్రు, పక్కన మల్లేశు. అందరికంటే వెనకాల ఊరిపెద్ద నాయుడు. ఆయన నడక చూస్తే సగం దారిలోనే ఇంటికి తిరిగిపోతే బాగుండునని ఉన్నట్టుంది.

దుంగ చూసి మొదట నవ్వారు. "ఇక్కడికి బస్సొత్తాదేటే?" అన్నాడు ఒకడు.

"పండగ మాది, దుంగ మాది. ఎక్కడేసుకుంటే నీకేటి?" అంది చిన్నమ్మలు. 

అతను నవ్వుతూనే మొల్లోంచి చిల్లర తీశాడు.

"పైసలొద్దు," అంది సోములమ్మ.

"మరేటి కావాల?"

"గొడ్డళ్ళు. విల్లులు. అన్నీ ఇక్కడ పడేసి దాటండి. వట్టిచేతుల్తో ఎల్లి ముసలోణ్ణి ఏటడుగుతారో అడుక్కోండి."

డప్పు ఆగిపోయింది. సుక్రు వెనక్కి తిరిగి నాయుడి వంక చూశాడు. అందరూ నాయుడి వంకే చూశారు. ఆయన గొంతు సవరించుకుని, నేల చూస్తూ, "అడిగిందివ్వాల. కట్టడి అలాగే ఉన్నాది మరి," అన్నాడు. ఆయన బతుకంతటిలో ధైర్యం చేసింది ఆ ఒక్క మాటకే అని తర్వాత అందరూ అన్నారు.

"ఇది బిడ్డ పోయిన మైల ఆడది," అన్నాడు సుక్రు. "దీనికి దుంగకాడ నిలబడే అక్కు నేదు."

మల్లేశు ముందుకొచ్చాడు. చేతిలో నూరిన గొడ్డలి తళతళలాడుతోంది. "తప్పుకో సోమీ. ఆడు మన గుంటణ్ణి తిన్నాడు."

"తిన్నేదు," అంది సోములమ్మ.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని ఆమెకి తెలుసు. చెబితే ఈ మనిషి మళ్ళీ తన మొహం చూడకపోవచ్చునని కూడా తెలుసు. మొగుడి కళ్ళలోకి చూస్తూ, ఊరందరికీ వినపడేలా చెప్పింది.

"మంగ్లు తాత ఇంటికొచ్చినాడు. గుంటడి పొట్ట సూసి, ఇది నా సేతిలో నేదు, అరకు ఆసుపత్రికి ఎత్తుకెల్లమన్నాడు. బేగి ఎల్లమన్నాడు. గుంటణ్ణి ఈపున కట్టుకుని గెడ్డ దాకా ఎల్లినాను. గురువు దాటొద్దన్నాడు. నాను ఇన్నాను. కాలు నీట్లో పెట్టి ఎనక్కి తీసీసినాను. మూడు రోజులు కూకుని సూసినాను. నా గుంటణ్ణి మంగ్లు సంపనేదు. ఎవులి మీద గొడ్డలెత్తాలో ఎత్తు. నానిక్కడే ఉన్నాను."

చెప్పాక మల్లేశు మొహం చూడటం కష్టమైంది. అయినా చూసింది.

"మంగ్లు దీని బుద్ధి కూడా కట్టీసినాడు," అన్నాడు సుక్రు. గొంతు కొంచెం హెచ్చింది. "సూసినారా. ఇదీ నేర్సినాది సిల్లంగి."

"ఇదొక్కత్తేటి," అంది చిన్నమ్మలు. "మా పదిహేనుమందిదీ సిల్లంగే గురువా. రాత్రి మీరు తాగిన అంబలి మేం కాసిందే. ఒకపాలి కడుపులు తడిమి సూసుకోండి."

వెనకనున్న ఇద్దరు ముగ్గురు నిజంగానే కడుపుల మీద చేతులు వేసుకున్నారు. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ నవ్వు మల్లేశు చెవికెక్కలేదు. అతను సోములమ్మ మాటలు విన్నాడో లేదో తెలియదు. దేనినో నరికితే తప్ప నిలవలేనివాడిలా గొడ్డలి బిగించి పట్టి, దుంగ మీదికి కాలెత్తాడు. ఏమీ ఇవ్వకుండా. సోములమ్మ వంగి కుండ ఎత్తింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఏ పండగకీ మొగుడి మీద ఒక్క చుక్క చిలకరించిన మనిషి కాదు. కుండెడు పేడనీళ్ళూ ఎత్తి మొహాన కొట్టింది.

"ముసలోణ్ణి ఏటాడతావా?" అంది. "ఇదా మీ ఏట? పది కొండలు తిరిగి కుందేలు దొరక్క కన్ను కనపడని తాత మీదికొచ్చినారా?"

మల్లేశు ఒక కాలు దుంగ మీద పెట్టి నిలబడిపోయాడు. పేడనీళ్ళు కనుబొమల మీంచి కారుతున్నాయి. గొడ్డలి ఇంకా చేతిలోనే ఉంది. ఇరవై ఒక్కమంది ఆ గొడ్డలినే చూస్తున్నారు. పుట్టిన దగ్గరనుంచీ వాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒక్కటే, పేడనీళ్ళు పడ్డ చెయ్యి ఆయుధం పట్టకూడదు. దిగువనెక్కడో రైలు కూత వేసి సొరంగంలోకి వెళ్ళిపోయింది.

గొడ్డలి జారి నేల మీద పడింది.

అంతే, చిన్నమ్మలు కుండ ఎత్తింది. ఆ వెనక మిగతా వాళ్ళు. డప్పు తడిసింది, మీసాలు తడిశాయి, నాయుడి కొత్త తలపాగా తడిసింది. గురువు మీద పొయ్యకూడదన్న కట్టడి ఎక్కడా లేదు, ఎవరూ ఎప్పుడూ పొయ్యలేదంతే. ఆఖరి కుండ సుక్రుకి దక్కింది. ఒక్కొక్క ఆయుధమే కింద పడింది. ఇరవై ఇద్దరూ గెడ్డకేసి నడిచారు. వాళ్ళు మునిగి వచ్చేలోగా ఆడవాళ్ళు గొడ్డళ్ళనీ విల్లుల్నీ పోగు చేసి దుంగ ఇవతల పెట్టుకుని, దాని చుట్టూ ఆట మొదలెట్టారు. అడిగింది ఇవ్వనిదే దుంగ ఎవరూ దాటకూడదు, దాటనిదే గొడ్డలి చేతికి రాదు. ఆ రోజుకి చాలు అనుకున్నది అలాగే పండగ ముగిసేదాకా సాగింది. వంతులు వేసుకుని కాశారు. కోపం పచ్చికట్టె లాంటిది, ఊదేవాడు ఉంటేనే అంటుకుంటుంది. ఊదేవాడైన సుక్రు పాచిపెంట దగ్గర చెల్లెలి ఊరికని ఆ తర్వాత నాలుగో రోజున వెళ్ళిపోయాడు.

సోములమ్మ ఆ మధ్యాహ్నమే అంబలి పట్టుకుని మంగ్లు గుడిసెకి వెళ్ళింది. ముసలాడు గుమ్మంలో కూర్చుని ఏదో వేరు గీస్తున్నాడు. పొద్దున్నించీ అక్కడే కూర్చున్నాడట, పారిపోకుండా. కాళ్ళ మీద పడబోతే కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వు నా పేరు సెప్పినప్పుడు నాను ఆ గోతికి దగ్గర్లోనే ఉన్నాను," అన్నాడు. "గుంటడి మీద గుప్పెడు మట్టెయ్యడానికొచ్చినాను. ఎయ్యకుండా ఎల్లిపోయినాను."

ఆమెకి తల ఎత్తడానికి మొహం చెల్లలేదు.

"అంబలక్కడెట్టు. నువ్వెల్లు," అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. తిట్టకుండా పంపడమే ఎక్కువ అనుకుంది. మర్నాడు వెళితే కుండ కడిగి గుమ్మం పక్కన బోర్లించి ఉంది.

పండగ ముగిసిన నాడు మగవాళ్ళు ఆయుధాల కోసం వచ్చారు. ఏమడుగుతారోనని దూరం దూరంగా నిలబడ్డారు. చిన్నమ్మలు ఒక్కొక్కరినీ పిలిచి ఒకే ప్రశ్న వేసింది. "నీ ఇంట్లో జొరమొత్తే గెడ్డ దాటిత్తావా?" దాటిస్తానన్నవాడు గొడ్డలి తీసుకుపోయాడు. నీళ్ళు నమిలినవాడితో మూడుసార్లు అనిపించింది.

మల్లేశు అందరికంటే ఆఖర్న వచ్చాడు. ఆ రోజు నుంచీ అతను సోములమ్మతో మాట్లాడలేదు. వదిన పెట్టింది తిని, వదిన అరుగుమీదే పడుకున్నాడు. ఇప్పుడు దుంగకి అవతల నిలబడ్డాడు. చిన్నమ్మలు అడగబోయి, మానుకుని, సోములమ్మ వంక చూసి పక్కకి తప్పుకుంది. సోములమ్మకి ఆ ప్రశ్న నోట రాలేదు.

అతనే అడిగాడు. "గుంటణ్ణి ఎత్తుకుని నడిత్తే అరకు ఎంతసేపు?"

"పొద్దున్న బయల్దేరితే మద్దేనానికి."

"అంతేనా," అన్నాడు మల్లేశు.

అని, దుంగ మీద కూలబడి ఏడ్చాడు. నెల రోజులుగా దాచుకున్నదంతా ఏడ్చాడు. సోములమ్మ ఇవతలి వైపునించి వచ్చి అదే దుంగ మీద, కాస్త ఎడంగా కూర్చుంది. అతను జరిగిపొమ్మనలేదు. ఆమెకి అదే చాలు.

పండగ అయిపోయాక దుంగని మంటలో వేసెయ్యడం ఆచారం. సాయంత్రం కట్టెలు పేర్చి, పిల్లలు దుంగ కోసం వచ్చారు. సోములమ్మ లేవలేదు.

"ఇది కాల్సేది కాదు," అంది. "ఇక్కడే ఉంటాది. మళ్ళీ పండగకీ ఉంటాది, ఆ మళ్ళీ పండగకీ ఉంటాది. ఎవులైనా తియ్యాలని సూత్తే నాతో సెప్పి తియ్యండి."

 మల్లేశు మొహం తుడుచుకుని లేచాడు. గొడ్డలి వంక చూడలేదు. దుంగ ఒక చివర వంగి కింద చెయ్యి పెట్టి తడిమి చూశాడు.

"నేల మీద ఒగ్గేత్తే సెద పడతాది," అన్నాడు. "కింద రాళ్ళెయ్యాల." అని రాళ్ళ కోసం గెడ్డలోకి దిగాడు.